ఈశాన్యంలో ఇంకుడు గుంత

వాన నీళ్లు భూమిలోకి దిగేలా ఇంకుడు గుంత తవ్వకపోతే కొత్త ఇంటికి అనుమతి రాదట. ఎండలు ముదిరి బోర్లు ఎండిపోతున్నాయి కదా, మంచిదే అనుకున్నాం. ఆటోనగర్ దగ్గర మేం కడుతున్న ఇంటి స్థలం నైరుతికి వాలు. నైరుతిలో గొయ్యి ఉంటే ఇంటి యజమానికి గండమని మా మామగారు ఈశాన్యంలో, అంటే అన్నిటికన్నా ఎత్తైన మూలలో తవ్వించారు.

ఈ రోజు మునిసిపల్ ఇంజనీరు తనిఖీకి రావడమూ, వాన దంచికొట్టడమూ ఒకేసారి జరిగాయి. గొడుగులు పట్టుకుని అందరం గుంత చుట్టూ నిలబడ్డాం. అందులో చెంబెడు నీళ్లు కూడా చేరలేదు.

"గుంత బాగుందండీ. మరి నీళ్లేవీ?" అన్నారాయన.

"తవ్వమన్నారు, తవ్వాం. నీళ్లని కూడా మమ్మల్నే పిలుచుకు రమ్మంటే ఎలాగండీ?" అన్నారు మామగారు.

ఇంజనీరు నవ్వాపుకుంటూ వాన నీళ్ల వెంట నడిచారు. అవి మా ప్రహరీ కింద నుంచి, వాస్తు పట్టింపు లేని పక్కింటి మేరీ టీచరు గారి గుంతలోకి గలగలా దిగుతున్నాయి. ఆవిడను మెచ్చుకుని, మాకు పది రోజుల గడువిచ్చి వెళ్లారు.

మామగారు మనసు మార్చుకున్నారనుకున్నాను. సాయంత్రం ఫోనులో మైలవరం నుంచి లారీల కొద్దీ మట్టి తోలమంటున్నారు. గుంత కదలదట, నైరుతినే మెరక చేయిస్తారట.

మీ ఇంట్లో ఏది గెలిచింది, వాలా, వాస్తా?