బండి కదలని మధ్యాహ్నం

పోయిన నెల ధర్మవరంలో పెళ్లి చూసుకుని హిందూపురానికి రైల్లో తిరిగొస్తుంటే, పక్కన కూర్చుని సర్కారు ఉద్యోగం పరీక్షకు చదువుకుంటున్న మనవరాలు, సంస్థ అంటే ఏమిటో, దాన్ని నడిపించే సూత్రం అంటే ఏమిటో తేలిక మాటల్లో చెప్పమని అడిగింది. అప్పటికి పెనుకొండ దాటాం. మా నాయన ఒకప్పుడు స్టేషన్ మాస్టరుగా పనిచేసిన చిన్న స్టేషన్ మీదుగా బండి ఆగకుండా పోతోంది. ఈ వయసులో కూడా నేను కిటికీ ఊచ గట్టిగా పట్టుకున్నాను.

మన ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో రానూ పోనూ ఒకటే లైను. ఎదురు బండి లేదని అవతలి స్టేషన్ వాళ్లు సరేనంటేనే యంత్రంలోంచి ఇనుప గుండు ఒకటి బయటికొచ్చేది. దాన్ని టోకెన్ అనేవాళ్లు. అది చేతిలో పడందే డ్రైవరు బండి కదిలించకూడదు.

నాకు తొమ్మిదో పదో ఏళ్లుండగా ఒక మధ్యాహ్నం, నిండు నెలల మా అమ్మకు నొప్పులతో పాటు రక్తం పోవడం మొదలైంది. హిందూపురం ఆస్పత్రికని మేనత్తా నేనూ ఆమెను పాసింజరు ఎక్కించాం. అంతకుముందే కొట్టిన గాలివానకు తీగలు తెగి, యంత్రమూ ఫోనూ రెండూ మూగబోయాయి. అవతలినుంచి గూడ్సు బయల్దేరిందో లేదో తెలిసే దారి లేదు. నాయన పట్టాల మీద తోసుకుపోయే ట్రాలీ మీద ఒక మనిషిని కాగితమిచ్చి అవతలి స్టేషనుకు పంపి, జవాబు వచ్చేదాకా బండి కదలదన్నాడు.

అమ్మ తల నా ఒళ్లో ఉంది. ఆమె చీర తడుస్తోంది. అమ్మ చచ్చిపోతుందని నాకు తెలిసిపోయినట్టే ఉండి, ఏడుపు కూడా రాక, కిటికీ ఊచలు పట్టుకుని నాయననే చూస్తూ ఉండిపోయాను. జనమంతా ఆయన మీద పడి అరుస్తున్నారు. మేనత్తయితే బండి దిగి చొక్కా పట్టుకుంది.

“నీ పెండ్లామే కదప్పా ఆడ పండుకోనుండేది! నీకు కండ్లు లేవా?”

“ఉండాయక్కా, అందుకే పంపలేను” అన్నాడు నాయన. ఆయన చేతిలో పచ్చజెండా చుట్టే ఉంది, చుట్టినదాన్నే ఇంకా బిగించి చుడుతున్నాడు. నాయన భయపడటం నేను చూసింది అదొక్కసారే, అందుకే నా భయం ఇంకా పెరిగిపోయింది.

ట్రాలీ మనిషి ఎంతసేపటికి తిరిగొచ్చాడో నాకిప్పటికీ తెలియదు. లైను ఖాళీగానే ఉందట, అసలు ఏ బండీ బయల్దేరనే లేదట. ఆస్పత్రిలో అమ్మ దక్కింది, తమ్ముడు దక్కలేదు. ఆ తర్వాత మేనత్త మా ఇంటి గడప తొక్కలేదు. నేనూ చాలా ఏళ్లు నాయనతో ముఖం చూసి మాట్లాడలేదు.

పెద్దయ్యాక నర్సునయ్యాను. ఎంత తొందరున్నా, ఎవరెంత తిట్టినా, రక్తం ఎక్కించేముందు సీసా మీది గ్రూపు మరొకరితో కలిసి చదివి సరిచూడాల్సిందే. ప్రాణం పోతోందని బంధువులు నా మీదికొస్తుంటే, ఆ గ్రూపు చదువుతూ నాయనను తలుచుకునేదాన్ని. ధర్మవరంలో మగ్గం నేసే మా పెదనాయన కూడా అంతే, పెళ్లివాళ్లు గుమ్మంలో నిలబడి గొడవ చేసినా తెగిన పోగు అతకందే నేత బిగించే పలక ముందుకు ఆడించేవాడు కాదు. కాకపోతే ఆయన ఆపితే చీర ఆలస్యమయ్యేది, అంతే.

అమ్మను ఒక్కసారే అడిగాను, నాయన మీద కోపం లేదా అని. “ఉండాదిమే, పోదు. అయితే ఎదురొచ్చే బండిలో నా మాదిరి ఇంకొకామె ఉండుంటే? ఆమెకు మీ నాయన తప్ప ఎవురుండారు?” అంది.

ఇదే మనవరాలికి చెప్పాను. ఇప్పుడంత కష్టం లేదవ్వా, తెలిసిన పెద్దోళ్లెవరితోనైనా ఫోన్ చేయిస్తే యాడైనా పనైపోతాది అని నాకు ధైర్యం చెప్పింది. ఇప్పుడు రానూ పోనూ వేరువేరు లైన్లు, బండి హాయిగా పోతోంది. నాకు మాత్రం ఆ మాటకే భయమేసింది. ఇప్పుడు ఏ ఆఫీసు వరసలో నిలబడ్డా, ఎవరికోసమో వరస తప్పించమని లోపల ఫోన్ మోగినప్పుడల్లా, ఆ ఎదురొచ్చే బండిలో ఉన్నది నేనేనేమో అనిపిస్తోంది.