పై వరుసలో అక్షరం

వీధిలో అందరూ అతన్ని అక్షరాలాయన అనేవారు. దుకాణాల మీద పేర్లు రాయడం అతని పని. అచ్చు బ్యానర్లు వచ్చాక ఆ పని సగానికి సగం పడిపోయినా, కుంచె పడితే పెదవులు కదిలే అలవాటు మాత్రం పోలేదు. ఏ అక్షరం రాస్తే ఆ అక్షరం పైకి పలికేవాడు. పలక్కుండా రాస్తే తప్పు దొర్లుతుందని భయం.

రెండో తరగతి చదివే కూతురు మెడ ఓ పక్కకు తిప్పి నల్లబల్ల చూస్తోందని బడి నుంచి కబురొచ్చింది. మర్నాడు పొద్దున్నే కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అక్కడ పిల్ల బెదిరిపోకుండా ఇంట్లోనే అలవాటు చేద్దామని, తెల్లరంగు పూసి ఆరబెట్టిన రేకు మీద డాక్టరు గదిలో ఉండేలాంటి పటం రాశాడు. పైన అరచేయంత "క". దాని కింద "ర, మ". ఆ కింద "ప, ట, న". కిందికి పోయేకొద్దీ చిన్నవి. కూతురు పక్కనే కూర్చుని వింటోంది.

"పరీక్ష పేపరు మీరే రాసి మీరే చూపిస్తున్నారు. ఇంక పిల్ల ఫస్టు రాక ఏమవుతుంది?" అంది భార్య.

"నా కూతురు ఎక్కడైనా ఫస్టే" అన్నాడు.

ఆమె పిల్లను స్నానానికి తీసుకెళ్లింది. ఈలోగా పై అక్షరం రంగు కిందికి కారింది. పొడిగుడ్డతో తుడిచినా మరక పోలేదు. అతను సన్న కుంచె పళ్ల మధ్య పెట్టుకుని, లావు కుంచెతో ఆ మరక కలిసిపోయేలా "స" దిద్దాడు. నోట్లో కుంచె ఉంది కనుక పలకలేదు.

పిల్ల తల తుడిపించుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది. రేకు ఎదుటి గోడకు వేలాడుతోంది. పిల్ల తలెత్తి చూసేలోపే అతను ఆమె కుడికన్ను అరచేత్తో మూశాడు.

"పైనుంచి చెప్పు."

"క. ర, మ. ప, ట, న."

"శభాష్" అనబోయి ఆగాడు.

"పైది మళ్లీ చెప్పు తల్లీ."

"క."

"బాగా చూసి చెప్పు."

"చూసే చెప్తున్నా నాన్నా."

అతను చెయ్యి తీశాడు. పిల్ల రేకు వంక చూసి గతుక్కుమంది.

"స... స నాన్నా. నువ్వు రాసేప్పుడు క అన్నావుగా."

తువ్వాలు ఆరేస్తున్న భార్య అక్కడే నిలబడిపోయింది.

"ఈ కన్ను కనబడటం లేదా?" అన్నాడు అతను.

పిల్ల భుజాలు ముడుచుకుపోయాయి. "కనబడుతోంది."

రంగు డబ్బా తన్నేసిన ప్రతిసారీ, గుమ్మానికి కొట్టుకున్న ప్రతిసారీ ఇంట్లో ఇద్దరూ అరిచే మాట అదే. కళ్లు కనబడటం లేదా? పిల్ల ప్రతిసారీ ఇదే జవాబు చెప్పేది. తన్నేసిన డబ్బాలన్నీ ఎడమవైపువే అని అతనికి ఇప్పుడు తోచింది. రేపు డాక్టరూ ఆ మాటే అడుగుతాడు.

అతను కుర్చీ ముందు గొంతుక్కూర్చున్నాడు.

"డాక్టరుగారు అడిగితే, కనబడకపోతే కనబడటం లేదనే చెప్పాలి. తిట్టరు."

"నువ్వు?"

"నేనూ తిట్టను."

"అమ్మ?"

భార్య అటు తిరిగి కళ్లు ఒత్తుకుంది. "తిట్టనే" అంది.

అతను లేచి గుడ్డను కిరసనాయిల్లో తడిపి రేకు మీదున్నదంతా తుడిచేశాడు. ఈసారి పెదవులు బిగించి రాశాడు. రాస్తున్నంతసేపూ పిల్ల చెవులు రిక్కించుకునే ఉంది. మళ్లీ కుడికన్ను మూశాడు.

"పైనుంచి చెప్పు."

పిల్ల చాలాసేపు చూసింది.

"కనబడటం లేదు నాన్నా."

శభాష్ అనాలి. అతని అరచేతి కింద పిల్ల కనురెప్ప టపటప కొట్టుకుంటోంది.

"తప్పు చెప్పానా?"

"లేదమ్మా. సరిగ్గానే చెప్పావు."