అమ్మిరాజు గారి గోడకు జ్వరం

మామిడికుదురు చుట్టుపక్కల నాలుగూళ్ళలో ఫిలిప్ చెయ్యి పెట్టని స్విచ్చిబోర్డు లేదు. ఒకవేళ ఉందంటే అది ఈపాటికి కాలిపోయి ఉంటుంది. ఇరవై ఆరేళ్ళుగా కరెంటు పని చేస్తున్న మనిషి. సంచీలో టెస్టరుంది, మీటరుంది. అవి సంచీలోనే హాయిగా పడుకుంటాయి. అతను ముందుగా వాడేది చెయ్యి.

అరచెయ్యి కాదు, చేతి వెనక భాగం. అరచేత్తో ముట్టుకుంటే షాకు కొట్టినప్పుడు వేళ్ళు ముడుచుకుపోయి ఆ వైరునే పట్టుకుంటాయి. చెయ్యి తిప్పి ఆనిస్తే దానంతటదే వెనక్కి వచ్చేస్తుంది. ఐటీఐలో నేర్పిన పాఠాల్లో ఫిలిప్‌కి గుర్తున్నది ఇదొక్కటే. అదే ఇంతకాలం అన్నం పెట్టింది. గోడకి చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, ప్రార్థనలో ఉన్నట్టు ఒక నిమిషం నిలబడి, "ఇక్కడ జాయింటు వేడెక్కుతుందండీ" అనేవాడు. పగలగొట్టి చూస్తే జాయింటు నల్లగా మాడి ఉండేది.

అలాంటి మనిషి పరువు అమ్మిరాజు గారి హాల్లో పోయింది.

అమ్మిరాజు గారు కొబ్బరితోటలున్న రైతు. ఆరు నెలల క్రితం ఒక మధ్యాహ్నం వాళ్ళ హాల్లో ఫ్యాను రెగ్యులేటరు మార్చడానికి వెళ్ళిన ఫిలిప్, ఎందుకో గోడకి చెయ్యి ఆనించాడు. మోకాలి ఎత్తులో వేడి తగిలింది. "గోడలో వైరు కాలుతుందండీ, పగలగొట్టాలండీ" అన్నాడు. అమ్మిరాజు గారు పడీపడీ నవ్వారు. కొత్తగా రంగులేయించిన గోడ. మర్నాడు పొద్దున్నే అమలాపురం నుంచి మీటరుతో ఎవరినో పిలిపించారు. అతను చూసి గోడ శుభ్రంగా ఉందన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. "మా గోడకి జ్వరం వచ్చిందన్నాడయ్యా ఫిలిప్పు" అని సెంటర్లో టీ కొట్టు దగ్గర నలుగురి ముందూ చెప్పారు.

అక్కణ్ణించి అతను గోడ డాక్టరయ్యాడు. "ఫిలిప్ గారండీ, మా వంటింటి గోడ రెండ్రోజుల్నించి దగ్గుతుందండీ, ఓసారి చూద్దురూ" అని రోడ్డు మీద ఆపి మరీ అడిగేవారు. మా గోదావరి వాళ్ళ ఎగతాళిలో కూడా అండీ ఉంటుంది. అందుకని తిరిగి తిట్టడానికి వీలుండదు. ఆదివారం చర్చి బయట చెప్పులు వేసుకుంటుంటే కూడా ఎవరో ఒకరు గోడ క్షేమం అడిగేవారు. ఫిలిప్ నవ్వేవాడు గానీ, ఇంటికొచ్చి తన చేతిని తిప్పి తిప్పి చూసుకునేవాడు. పని పోయిందని కాదు అతని బాధ. ఈ చెయ్యి నిజంగానే పాడైపోయిందా అన్నది అతన్ని లోపల తొలిచేసేది.

కూతురు నిఖిత డిగ్రీ చదువుతోంది. నాన్న అవస్థ చూడలేక, ఫోనుకి తగిలించుకునే థర్మల్ కెమెరా ఒకటి వెతికి పెట్టింది. ఉన్నవాటిలోకెల్లా చవకది. అగ్గిపెట్టెలో సగం ఉంటుంది. ఫోనుకున్న కవరు ఊడదీసి, చార్జింగు పెట్టే చోట గుచ్చాలి. వేడిగా ఉన్నది ఎర్రగానో పసుపుపచ్చగానో, చల్లగా ఉన్నది నీలంగానో కనిపిస్తుంది. నిమిషానికోసారి టిక్కుమని బొమ్మ ఆగిపోతుంది. ఫోను చార్జింగు మాత్రం గటగటా తాగేస్తుంది.

మొదటిరోజు ఫిలిప్ ఇంట్లో ఉన్నవన్నీ చూశాడు. పిల్లి నిప్పుముద్దలా ఉంది. తను లేచాక కుర్చీ మీద తన ఆకారమే రెండు గుండ్రాలుగా మిగిలింది. పొయ్యి మీంచి అప్పుడే దించిన స్టీలు కుక్కరు మాత్రం నీలంగా ఉంది, పైగా అందులో ఫిలిప్ ముఖమే మసగ్గా కనిపించింది. చల్లారిపోయిందనుకుని పట్టుకున్నాడు. రెండు వేళ్ళు బొబ్బలెక్కాయి. భార్య ప్రసన్నకుమారి సబ్‌సెంటర్లో నర్సమ్మ. బొబ్బలకి మందు రాసింది. తళతళలాడే లోహం వేడిని చూపించదు, ఎదురుగా ఉన్నదాన్నే అద్దంలా చూపిస్తుంది అని నిఖిత అప్పుడు చదివి చెప్పింది.

"గోడ తళతళలాడదు కదమ్మా?" అన్నాడు ఫిలిప్, వేళ్ళు ఊదుకుంటూ.

"గోడైతే పర్లేదు నాన్నా."

అంతే, మర్నాడు సెంటర్లో అందరి ముందూ అమ్మిరాజు గారితో, "ఈ మధ్యాహ్నం కెమెరా తెచ్చి మీ గోడ చూపిస్తానండీ" అన్నాడు. నలుగురూ చూస్తుంటే కాదనడానికి అమ్మిరాజు గారికి నోరు రాలేదు. "ఆయ్, దానికేముందయ్యా, రా" అన్నారు.

ఫిలిప్ మూడు గంటలకి వెళ్ళాడు. హాల్లో అమ్మిరాజు గారు, ఆయన భార్య భవానీదేవి ఉన్నారు. పక్క గదిలో ఆయన తల్లి కనకరత్నం గారు ధ్యానంలో ఉన్నారు. ఆవిడకి ఎనభై రెండేళ్ళు. ఈ మధ్య భక్తి బాగా ముదిరి, రోజూ మూడు నుంచి నాలుగు దాకా తలుపేసుకుని ధ్యానం చేస్తారు. తలుపు కింద నుంచి సాంబ్రాణి పొగ హాల్లోకి మేఘంలా వస్తుంది. చెవులు కూడా బాగా మందగించాయట, లోపల టీవీలో భక్తి చానెలు గోడలదిరేలా మోగుతుంటుంది. భవానీదేవి చెవి మిషను కొనిస్తే పెట్టుకోనన్నారు.

"ముందు కూర్చోవయ్యా" అన్నారు అమ్మిరాజు గారు. "బొండం తాగు."

బొండం తాగాడు. ఇంకో బొండం వచ్చింది. తరవాత కాఫీ. తరవాత పెసరట్టు. ఫిలిప్ గోడ వైపు చూసినప్పుడల్లా ప్లేట్లో ఇంకొకటి పడింది.

"గోడ చూద్దామండీ" అన్నాడు ఫిలిప్, నాలుగో పెసరట్టుకి దణ్ణం పెట్టి.

"గోడ ఎక్కడికి పోద్దయ్యా? ముందు నన్ను చూడు దాంట్లో."

చూశాడు. అమ్మిరాజు గారి ముఖం పండిన మామిడిపండులా మెరిసింది. మధ్యలో ముక్కు మాత్రం నీలంగా ఉంది.

భవానీదేవి ఫోను మీదికి వంగింది. "ఏవండీ, మీ ముక్కుకి రక్తం వెళ్తున్నట్టు లేదండీ."

"ముక్కులు అందరివీ చల్లగానే ఉంటాయండీ" అన్నాడు ఫిలిప్. ఎవరూ వినిపించుకోలేదు. పొయ్యి దగ్గర నుంచి అప్పుడే వచ్చిన పనిమనిషి చిట్టెమ్మ ముక్కు పచ్చగా ఉంది. ఆ ఇంట్లో ఆరోగ్యంగా ఉన్నది చిట్టెమ్మ ఒక్కతే అని తేలిపోయింది. భవానీదేవి భర్త ముక్కుకి తలనొప్పి మందు పట్టించింది. తడికి కెమెరాలో ముక్కు ఇంకా నల్లబడింది. ఇక లాభం లేదని వేడినీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది. ఈసారి ముక్కు ఎర్రగా వెలిగింది. "హమ్మయ్య, రక్తం ఆడిందండీ" అని కూర్చుంది. ఈలోగా కబురు పాకి పక్కింటి వాళ్ళు ముగ్గురు ముక్కులు రుద్దుకుంటూ వచ్చేశారు. అమ్మిరాజు గారు ఒక్కొక్కరినీ పేరుపేరునా పిలిచి కెమెరా ముందు కూర్చోబెట్టారు.

ఫోను చార్జింగు అయిపోవస్తోంది. ఫిలిప్‌కి ఏడుపొక్కటే తక్కువ. చివరికి భవానీదేవే, "పాపం ఆయన వచ్చిన పని చూడనివ్వండీ" అంది.

ఫిలిప్ గోడ ముందు గొంతుక్కూర్చుని కెమెరా పెట్టాడు. టిక్కుమంది. నీలం గోడ మీద, మోకాలి ఎత్తులో, పళ్ళెమంత పచ్చటి గుండ్రం, మధ్యలో ఎరుపు.

ఫిలిప్ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా చెయ్యి బాగానే ఉంది ప్రభువా అనుకున్నాడు. సంచీలోంచి ఉలి, సుత్తి తీశాడు.

"ఆగవయ్యా" అన్నారు అమ్మిరాజు గారు గబగబా. "అటుపక్క అమ్మ గది. ముందు అటు చూడు. మనందరం వెళ్తే ధ్యానం చెడుద్ది. నువ్వొక్కడివే వెళ్ళు, వెళ్ళగానే తలుపేసెయ్."

ఫిలిప్ లోపలికెళ్ళి తలుపేశాడు.

సాంబ్రాణి పొగలో ముందు ఏమీ కనపడలేదు. తరవాత గోడలో పాతకాలపు గూడు కనిపించింది. గూట్లో కరెంటు కాయిల్ పొయ్యి ఎర్రగా కాలుతోంది. దాని ముందు పీట మీద కనకరత్నం గారు, చేతిలో పట్టకారు, పట్టకారుకి అప్పడం. గూడు వెనకున్న సన్నటి గోడే అటు హాలు గోడ. పొయ్యి వైరుకి ప్లగ్గు కూడా లేదు. రెండు తీగలు చిన్న సాకెట్లో దూర్చి, ఊడకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. ఆ సాకెట్టు అప్పుడే గోధుమరంగుకి తిరిగింది. ఫిలిప్ ఒక్క అంగలో వెళ్ళి స్విచ్చి కట్టేశాడు.

"నాయనా ఫిలిప్పూ" అన్నారు ఆవిడ మెల్లగా, "తలుపు వేసేవా?"

వేశానండీ అని ఫిలిప్ గొణిగింది టీవీ అంత మోతలోనూ ఆవిడకి వినిపించింది. చెవులు శుభ్రంగా ఉన్నాయి.

"ఏంటి మామ్మగారండీ ఇది? ఇల్లు తగలబడిపోద్దండీ."

"నాకు బీపీ కదా. డాక్టరు ఉప్పు తగ్గించమంటే మా కోడలు మొత్తం మానిపించేసింది. మంచిదే, నా మంచికే. కానీ నాయనా, అరవై ఏళ్ళు ఈ ఇంట్లో అందరికీ కాల్చి పెట్టేను. రోజుకి ఒక్కటంటే ఒక్క అప్పడం తింటే నేను చచ్చిపోతానా? చచ్చిపోతే పోతాను, అప్పడం తినే పోతాను." ఆవిడ కాలిన అప్పడం విరిచి సగం అతని చేతిలో పెట్టారు. "తిను. కరకరమన్నప్పుడు టీవీ పెంచుకో."

ఫిలిప్ తిన్నాడు. తింటూ ఆలోచించాడు. బయటికెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెబితే అతని చెయ్యి గెలుస్తుంది. సెంటర్లో రేపటి నుంచి అందరూ నోరు మూసుకుంటారు. ఈవిడ అప్పడం మాత్రం ఈ రోజుతో సరి. లేదంటే ఈవిడ అప్పడం ఉంటుంది, తను చచ్చేదాకా గోడ డాక్టరే. ఆరు నెలల అవమానం ఒక పక్క, సగం అప్పడం ఒక పక్క. అతనికి ఒళ్ళు మండింది. ఆవిడేమో నోట్లో ముక్క నాననిస్తూ, చిన్నపిల్లలా భయంగా అతన్నే చూస్తున్నారు.

అగ్గిపుల్లలు పీకి జేబులో వేసుకుని బయటికొచ్చాడు.

"ఏమీ లేదండీ" అన్నాడు. "సాంబ్రాణి కుంపటి గూట్లో పెట్టుకున్నారండీ, ఆ వేడి. ఆ రోజు నేనే పొరబడ్డానండీ. వైరు ఏమీ కాలట్లేదు."

"మరి అంత ఎర్రగా కనపడింది కదండీ?" అంది భవానీదేవి.

"రాజు గారి ముక్కు నీలంగా కనపడిందా అండీ? మనిషి బాగానే ఉన్నారు కదా. ఇదీ అంతేనండీ."

ఆ మాటకి తిరుగులేదు. పక్కింటివాళ్ళు ముక్కులు వదిలేసి నవ్వడం మొదలెట్టారు. "కాకపోతే మామ్మగారి గదిలో మంచి వైరు లాగి, పెద్ద పాయింటు ఒకటి వెయ్యాలండీ" అన్నాడు ఫిలిప్. "అప్పటిదాకా ఆ సాకెట్టు ఎవరూ ముట్టుకోకూడదండీ. ఇప్పుడు కరెంటు సాంబ్రాణి పొయ్యిలు వచ్చేయండీ, కుంపటి కంటే అవే నయం."

అమ్మిరాజు గారు గేటు దాకా సాగనంపడానికి వచ్చారు. బండి దగ్గర ఆగి, వెనక్కోసారి చూసి, గొంతు తగ్గించారు.

"అప్పడం తిన్నావా?"

ఫిలిప్ చేతిలో తాళం ఆగిపోయింది. "మీకు తెలుసా అండీ?"

"ఆ పొయ్యి తెచ్చింది నేనే కదయ్యా. రాజోలు నుంచి ఎరువుల బస్తాలో పెట్టి తెచ్చేను. అప్పడాలూ నేనే తెస్తాను. నువ్వు ఆ రోజు గోడ మీద చెయ్యి పెట్టి కళ్ళు మూసుకోగానే నా పని అయిపోయిందనుకున్నాను. పక్కనే మా ఆవిడ. నవ్వకపోతే గోడ పగలగొట్టించేది. అందుకని నవ్వేను. ఇవాళ పొయ్యి వెలిగించొద్దని అమ్మకి చెబుదామంటే మా ఆవిడ పక్కనుంచి కదల్లేదు. నాలుగు దాకా ఎలాగోలా నిన్ను ఆపుదామని నా ముక్కు కూడా కాల్పించుకున్నాను."

"అగ్గిపుల్లలు కూడా మీరేనా అండీ?"

"ఆయ్."

"మీకు బుద్ధుందా అండీ?" అన్నాడు ఫిలిప్. ఇరవై ఆరేళ్ళలో అమ్మిరాజు గారిని ఇలా అనడం ఇదే మొదలు. ఆయన తల వంచుకున్నారు.

"నీ చెయ్యి తప్పని నేను ఒక్క రోజు కూడా అనుకోలేదు, ఫిలిప్పూ."

ఈ ఒక్క మాట కోసం అతను ఆరు నెలలు ఎదురుచూశాడు. అది ఇప్పుడు వచ్చింది, కొబ్బరిచెట్ల మధ్య, ఎవరికీ వినపడకుండా. ఆయన్ని కొట్టాలనీ అనిపించింది, కావలించుకోవాలనీ అనిపించింది.

"ఒక్కరికైనా చెప్పండి" అన్నాడు. "మా ఆవిడకి చెప్పండి. ఎందుకో చెప్పొద్దులెండి. ఊరికే చెప్పండి."

అమ్మిరాజు గారు అక్కడే ఫోను తీసి, స్పీకరు పెట్టి, ప్రసన్నకుమారికి చేశారు. "అమ్మా, నేను అమ్మిరాజుని. ఏం లేదు, మీ ఆయన చెయ్యి చాలా కరెక్టమ్మా. ఎందుకని మాత్రం అడక్కు."



"అది మీరు చెప్పాలా అండీ?" అంది ప్రసన్నకుమారి. "థర్మామీటరు నా బ్యాగులోనే ఉంటదండీ. అయినా మా నిఖితకి ఒళ్ళు వెచ్చగా ఉంటే ముందు ఆయన్నే లేపుతాను, నుదుటి మీద చెయ్యి పెట్టమని. ఆయన జ్వరం లేదంటే నేను థర్మామీటరు తియ్యనే తియ్యనండీ. ఇంతకీ ఆయన అక్కడే ఉన్నారా? అన్నం తిన్నారా?"

"తిన్నాడమ్మా" అన్నారు అమ్మిరాజు గారు. ఫిలిప్ చేతి వెనక భాగంతో కళ్ళు తుడుచుకుని బండి ఎక్కాడు.