కొట్టని యాభై పిట్టలు

ఆ ఆటలో ఏ జంతువుకి ఎంత వేగం ఉందో తెర మీద ఎక్కడా కనపడదు. రెండు జంతువులు ఎదురుపడ్డప్పుడు ఏది ముందు దెబ్బ కొడితే దానికి వేగం ఎక్కువని మనమే అర్థం చేసుకోవాలి. కనపడని ఆ అంకె చాటున నేనొక తప్పు చేశాను. ఆటలో చేసిన తప్పుకి ఇంత బాధ ఎందుకని చాలాకాలం నన్ను నేనే సముదాయించుకున్నాను. ఇప్పుడు ఆ సముదాయింపు పనిచెయ్యడం లేదు.

రెండు వేల నాలుగు ప్రాంతంలో నేను తెనాలిలో డిగ్రీ చదివేవాణ్ణి. క్లాసులో నా పక్కన కూర్చునేవాడు రేపల్లె నుంచి రోజూ ప్యాసింజర్ బండిలో వచ్చేవాడు. వాళ్ల నాన్నగారికి రేపల్లె బజార్లో టైలర్ షాపు. కాలేజీ నుంచి స్టేషన్‌కి వెళ్లే దారిలో, కాలవ పక్కన మేడమీద ఒక నెట్ సెంటర్ ఉండేది. ప్లైవుడ్ అడ్డుపలకల మధ్య ఆరు కంప్యూటర్లు. పొద్దున పూట హాల్ టికెట్లకీ రిజల్ట్స్‌కీ వచ్చే జనంతో నిండిపోయేది గానీ, భోజనాల వేళ దాటాక ఈగలు తోలుకోవడమే. అప్పుడు మేం వెళ్లేవాళ్లం. దాన్ని నడిపే ఆయన్ని అందరం అన్నా అనేవాళ్లం. సౌండు పెట్టకుండా ఆడుకోమనేవాడు. రోజూ సాయంత్రం కంప్యూటర్లలో చెత్త తుడిచేసే అలవాటు ఆయనకి ఉంది గనక, మా ఆటని స్టాటిస్టిక్స్ నోట్స్ అని పేరు పెట్టి దాచేవాళ్లం. ఒకరోజు అది ఆయన కంట పడింది. స్టాటిస్టిక్స్ ఇంత ఇష్టంగా చదివే కుర్రాళ్లని తన సర్వీసులో చూళ్లేదని అన్నాడు గానీ తుడిచెయ్యలేదు.

గడ్డిలో తిరిగే వింత జంతువుల్ని పట్టుకుని, పెంచి, ఇంకొకరి జంతువుల మీదికి పోటీకి దించే ఆట అది. అందరిలా నేను కూడా ఎదురొచ్చినదాన్నల్లా కొట్టించి, నా జంతువుల స్థాయి పెంచుకుంటూ పోయేవాణ్ణి. వాడు అలా కాదు. ఎక్కడో ఇంటర్నెట్‌లో చదివి ఒక రహస్యం పట్టుకొచ్చాడు. మన జంతువు ఓడించిన ప్రతి జంతువూ పోతూ పోతూ మనదానికి ఒక పాయింటు ఇచ్చి పోతుందట. పందిని కొడితే బలం, తాబేల్ని కొడితే డిప్ప గట్టితనం, పిట్టని కొడితే వేగం. ఆ పాయింట్లు ఎక్కడా కనపడవు. మొత్తం మీద వాటికో హద్దు కూడా ఉంది. అంచేత ఎవర్ని కొట్టాలి, ఎన్నిసార్లు కొట్టాలి, ఎవర్ని వదిలేసి పారిపోవాలి అన్నది ముందే లెక్క వేసుకోవాలి. నువ్వు పెంచేవి రెడీమేడ్ చొక్కాలు, నేను కొలతపెట్టి కుడుతున్నాను అని నన్ను ఎగతాళి చేసేవాడు.

వాడు కుట్టింది ఒక రాతి పీతని. మంచి గుణం ఉన్న పిల్ల దొరికేదాకా గుడ్ల మీద గుడ్లు పొదిగించి, నచ్చనివాటిని వదిలేస్తూ వచ్చాడు. నెలన్నర పట్టింది. లెక్క రాయడానికి వాళ్ల షాపులో పాతబడిన కొలతల పుస్తకం తెచ్చుకునేవాడు. ఎవరివో ఛాతీ, భుజం, చేతి పొడవు రాసిన కాగితాల వెనకవైపు, ఒక్కో గెలుపుకి ఒక గీత. నాలుగు నిలువు గీతలు, వాటి మీద అయిదోది అడ్డంగా. పొరపాటున ఒక పంది తగిలి చచ్చిందంటే, ఫ్లాపీలో దాచిన పాత ఆటని మళ్లీ తెరిచి అక్కణ్ణుంచి మొదలుపెట్టేవాడు. నాకు విసుగొచ్చేది. వాడికి రాలేదు.

ఆ పీత దేనికంటే, మా పెదనాన్నగారి అబ్బాయి తొండని ఓడించడానికి. అన్నయ్య బాపట్లలో ఇంజినీరింగ్ చదువుతూ ముగ్గురు స్నేహితులతో అద్దెగదిలో ఉండేవాడు. గదిలో రెండు కంప్యూటర్లని వైరుతో కలిపి ఆడుకునేవాళ్లు. అన్నయ్య దగ్గరున్న ముళ్ల తొండ ఆకుకత్తి విసిరిందంటే ఎదుటిది ఒక్క దెబ్బకి పడిపోయేది. వేసవి సెలవుల్లో నన్ను ఏడుసార్లు వరసగా ఓడించి, మీ తెనాల్లో ఇదేనా నేర్పేది అన్నాడు. మా క్లాసులో ఒకడున్నాడు, వాణ్ణి తీసుకొస్తా చూడు అని నేను పందెం కాసి వచ్చాను. ఆ మాట నాదే.

పీతకి వేగం నేర్పాలని ఎవరికీ తోచదు. డిప్ప, బలం, అంతే. అన్నయ్య కూడా తొండకి వేగం పెట్టలేదు, పెట్టే అవసరం రాలేదు గనక. అక్కడే మావాడు తన లెక్క కట్టాడు. తొండ పుట్టుకతో ఎంత వేగమో ఆ లెక్క వాడికి నెట్‌లో దొరికింది. పీతకి నూట ముప్పై తొమ్మిది పిట్టల్ని కొట్టిస్తే సరిగ్గా దానికి సమానం. నూట నలభయ్యోది కొడితే ఒక్క అడుగు ముందు. మిగిలిన పాయింట్లన్నీ బలానికి. ముందు కొట్టే ఛాన్సు ఒక్కటి వస్తే పీత డెక్క దెబ్బకి తొండ లేవదు. నాకు ఇది చెప్పినప్పుడు వాడి మొహం నాకిప్పటికీ గుర్తుంది. చొక్కా తొడుక్కుని చూసుకునేవాళ్ల వెనక నిలబడి, భుజం దగ్గర కుట్టు సరిగా కూర్చుందని చూసుకునే టైలర్ మొహం.

అరవై పిట్టలయ్యేసరికి రంజాన్ నెల సగంలో పడింది. పండక్కి బట్టలు కుట్టించుకునేవాళ్లతో వాళ్ల షాపులో ఊపిరి తిరగదు. కాజాలు కుట్టడం, బొత్తాలు వెయ్యడం వాడి పని. రెండు వారాలు కాలేజీకి రాలేనన్నాడు. పుస్తకం, ఫ్లాపీ నా చేతిలో పెట్టి, మిగిలిన ఎనభై నువ్వు కొట్టించు, పండగ వెళ్లిన ఆదివారం బాపట్ల పోదాం అన్నాడు. ఇంకొకరి చేతికి ఆ పీతని ఇవ్వడం అదే మొదటిసారి. గీత మాత్రం కొట్టాకే పెట్టరా అన్నాడు. నేను నవ్వాను.

మొదటి రెండు రోజులు బుద్ధిగానే కూర్చున్నాను. పిట్ట కోసం గడ్డిలో అటూ ఇటూ తిరగాలి. పది ఎదురుపడితే అందులో మూడో నాలుగో పిట్టలు, మిగతావాటి నుంచి పారిపోవాలి. ముప్పై దాకా కొట్టించాను. మూడోరోజు క్లాసులో కొందరు సూర్యలంక పోదామన్నారు. ఆ తర్వాత కొత్త సినిమా వచ్చింది. ఆ తర్వాత ఏ కారణమూ లేదు, బద్ధకం అంతే. వాడు రేపల్లెలో కాజాలు కుడుతున్న మధ్యాహ్నాల్లో నేను కాలవ గట్టున కూర్చుని కబుర్లు చెప్పాను. పండగ ముందురోజు ఇంట్లో బల్ల ముందు కూర్చుని పుస్తకం తీసి, మిగిలిన యాభై గీతలూ ఒకేసారి పెట్టేశాను. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. పదిసార్లు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వేర్వేరు రోజుల్లో పెట్టినట్టు ఉండాలని మధ్యలో పెన్ను కూడా మార్చాను. ఇన్నేళ్లలో నన్ను ఎక్కువ సిగ్గుపరిచింది ఆ పెన్ను మార్చడమే. బద్ధకానికి క్షమ ఉందేమో. దానికి లేదు.

ఒక్క పిట్ట తగ్గినా లెక్క పోతుందని నాకు తెలుసు. తెలిసి కూడా, వీడిదంతా అతిలెక్క, ఏదో ఒకలా గెలుస్తుందిలే అనుకున్నాను. లోపల ఇంకోటి కూడా ఉంది. నేను తెచ్చిన పందెంలో గెలిచే మనిషి వాడు కావడం నాకు కొంచెం కష్టంగా ఉండేది.

ఆదివారం పొద్దున తెనాలి స్టేషన్లో కలిశాం. వాళ్లమ్మగారు నాకోసం డబ్బాలో సేమియా పంపించారు. చుండూరు దాటేలోపే తినేశాం. వాడు పుస్తకం తెరిచి గీతలు ఒకసారి చూసుకున్నాడు. నూట నలభై. థాంక్స్ రా అన్నాడు.

బాపట్లలో అన్నయ్య గదినిండా జనం. మంచాల మీద, కిటికీ గట్టు మీద కూడా కూర్చున్నారు. ఒక్కొక్కరికి మూడేసి జంతువులు. మొదటి రెండు జతల్లో చెరొకటి గెలిచి, చివరికి పీత, తొండ మిగిలాయి. అన్నయ్య తెర చూసి, పీతని దించావేంటి తమ్ముడూ, కూర వండుకోడానికా అన్నాడు. గదంతా నవ్వింది. మావాడు నవ్వలేదు. డెక్క దెబ్బ ఎంచుకుని, మీట నొక్కి, చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

తొండ ముందు కదిలింది.

పీత పడిపోయింది. ఎవరో ఈల వేశారు. అన్నయ్య మావాడి వీపు తట్టి, పీతకి పరుగు నేర్పుదామనుకున్నావా అన్నాడు. ఊరికే అన్న మాటే అది, కానీ సరిగ్గా అక్కడే తగిలింది. మావాడు చాలాసేపు ఆ తెర వంకే చూశాడు. తర్వాత, మీ తొండకి వేగం పెట్టారా అన్నా అని మర్యాదగా అడిగాడు. లేదు, ఒక్కటి కూడా పెట్టలేదు అన్నాడు అన్నయ్య.

తిరుగుబండిలో కిటికీ పక్కన కూర్చుని పుస్తకం తీశాడు. అప్పికట్ల, నిడుబ్రోలు వెళ్లాయి. గీతల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెడుతున్నాడు. నా యాభై మీద కూడా వేలు వెళ్లింది. పెన్ను రంగు మారినచోట ఆగుతుందేమో అని దాని వెంటే చూస్తూ కూర్చున్నాను. ఆగలేదు. నా మీద అనుమానమే వాడికి రాలేదు. మళ్లీ మొదటికి వచ్చాడు. మూడోసారి కూడా నూట నలభయ్యే వచ్చాక పుస్తకం మూసి, “నేనే ఎక్కడో తప్పాన్రా. లెక్కే తప్పు కట్టాను,” అన్నాడు.

చెప్పడానికి ఆ క్షణం ఒకటే ఉంది. చెప్పలేదు. పోన్లేరా ఆటేగా అన్నాను.

ఆ తర్వాత వాడు నెట్ సెంటర్‌కి రావడం తగ్గించాడు. మొదటి బండి అందుకోవాలని వెళ్లిపోయేవాడు. అదొక్కటే అయితే ఓర్చుకునేవాణ్ణి. ఓర్చుకోలేనిది ఇంకొకటి జరిగింది. అప్పటిదాకా స్టాటిస్టిక్స్ ప్రాక్టికల్‌లో మా బెంచీ మొత్తానికి జవాబు చెప్పేది వాడే. ఇప్పుడు లెక్క పూర్తిచేసి, కాగితం నా వైపు జరిపి, ఒకసారి చూడరా, సరిగ్గా వచ్చిందా అని అడగడం మొదలుపెట్టాడు. నన్ను. ప్రతిసారీ సరిగ్గానే వచ్చేది. ప్రతిసారీ సరిగ్గానే ఉందిరా అని చెప్పి కాగితం తిరిగి ఇచ్చేవాణ్ణి. డిగ్రీ అయ్యేదాకా ఇదే.

అయిదేళ్ల తర్వాత ఉద్యోగం చేస్తున్నప్పుడు ఒక సెలవురోజు పనిగట్టుకుని రేపల్లె వెళ్లాను. బండిలో జంపని, వేమూరు దాటుతుంటే చెప్పాల్సిన మాటలు పేర్చుకున్నాను. షాపులో వాడు ఒక్కడే ఉన్నాడు, బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరించడానికి సిద్ధంగా. సుద్దగీత వెంట టేపు పెట్టి కొలిచాడు, మళ్లీ కొలిచాడు, నేను కూర్చున్నాక కూడా ఇంకోసారి కొలిచాడు. పేర్చుకున్న మాటలన్నీ పోయాయి. పిట్టల్ని నేను కొట్టించలేదని ఒక్కముక్కలో చెప్పేశాను.

వాడికి దేని గురించో అర్థం కావడానికి కాస్త పట్టింది. అర్థమయ్యాక టేపు బల్ల మీద పెట్టాడు.

“ఎన్ని కొట్టావు?”

“ముప్పై.”

పెదాలు కదిపి ఏదో కూడుకున్నాడు. “తొంభై. అయితే తొండే ముందు కొట్టాలి. కరెక్టే.” టేపు చుట్ట చుట్టి, “నా లెక్క కరెక్టే,” అన్నాడు.

అవునన్నాను. క్షమించమని అడిగాను. వాడు నా వైపు చూడలేదు.

“ఆ రోజు రైల్లో చెప్పుంటే నాలుగు తన్ని ఊరుకునేవాణ్ణి కదరా,” అన్నాడు.

వాడు కత్తెర తీసుకుని సుద్దగీత మీద మొదటి కోత వేశాడు. గుడ్డ చివరిదాకా ఆగకుండా కోశాడు. అప్పుడు తలెత్తి, టీ చెప్పనా అని అడిగాడు. నేను చెప్పమన్నాను.