నల్ల సిలిండరుకు రాసిన కొబ్బరినూనె

నా చిన్నప్పుడు మా ఇంట్లో కొబ్బరినూనె రాయని వస్తువంటూ లేదు. నూతి గిలక కిర్రుమంటే నూనె, తలుపు గడియ బిగుసుకుంటే నూనె, కుట్టుమిషనుకు, సైకిలు చైనుకు, కాలిన వేలికి, మా జడలకు, అన్నిటికీ అదే మందు. కొబ్బరితోటల అంబాజీపేటలో పుట్టినవాళ్ళం మరి! వీధి చివర నూనె మిల్లు ఉండేది. గాలి అటునుంచి వీస్తే బడి పుస్తకాలకు కూడా ఆ వాసన పట్టేది. పుట్టినప్పటినుంచీ పీల్చిన వాసన కాబట్టి దాన్ని మేమెవరం పట్టించుకునేవాళ్ళం కాదు.

ఇంటి పక్కనే రేకుల షెడ్డులో మా తాతయ్య వెల్డింగు పని చేసేవారు. తొంభైల మొదటినాళ్ళ మాట ఇది. ఇనుము కోయడానికి రెండు సిలిండర్లు కావాలి. నల్లదాన్లో ఆక్సిజన్, ఎర్రదాన్లో మండే గ్యాసు. అయిపోతే కాకినాడ పంపి నిండినవి తెప్పించేవారు. మనం పంపినదే తిరిగి రాదు, ఊరూరా తిరిగిన ఇంకొకటి వస్తుంది. అందుకని తాతయ్య రంగును ఒక్కదాన్నే నమ్మేవారు కాదు. మీద కొట్టిన అక్షరాలు చదివి, వాల్వు మర కూడా చూసేవారు. ఆక్సిజన్ మర అన్నిటిలాగే కుడికి బిగుస్తుంది, గ్యాసుది ఎడమకు. నాకూ అది నేర్పారు. ఇక చూడాలి నా పోజు! తొమ్మిదేళ్ళ పిల్లను, ఊళ్ళో నాకంటే తెలిసినవాళ్ళు లేరన్నట్టు తిరిగేదాన్ని.

ఒక్క సంగతి మాత్రం ఆయన నాకు విడమరిచి చెప్పలేదు. తలకు నూనె రాసుకున్న రోజు నన్ను షెడ్డు గడప తొక్కనిచ్చేవారు కాదు. నిప్పురవ్వలకు జడలు అంటుకుంటాయని కాబోలు అనుకున్నాను. ఎందుకని అడిగితే మాట మార్చేసేవారు. అలాగే ఇంకొకటి కూడా నాకు అర్థమయ్యేది కాదు. తాతయ్యకు పని నేర్పిన ముసలి మేస్త్రిగారు నెలకోసారి మా ఇంటికి భోజనానికి వచ్చేవారు. ఆయనకు ఒక కన్ను లేదు, ఆ పక్క చెంపంతా ముడతలు పడి ఉండేది. ఆయన తిని లేచేదాకా తాతయ్య పక్కనే నిలబడి వడ్డించేవారు తప్ప ఎంత చెప్పినా కూర్చునేవారు కాదు.

రెండో పంట, దాళ్వా కోతల రోజులవి. ఒక రైతుగారి ట్రాక్టరు ట్రక్కు ఇరుసు విరిగి షెడ్డుకు వచ్చింది. ధాన్యం కళ్ళంలో ఉంది, ఆకాశం మబ్బు పట్టి ఉంది. ఆయన బల్ల మీద కూర్చుని నిమిషానికోసారి పైకి చూసి నిట్టూరుస్తున్నారు. మా బాబాయి ఆ ఉదయమే వచ్చిన నల్ల సిలిండరు మూత తీయడానికి నానా అవస్థా పడ్డాడు. తీరా తీస్తే లోపల వాల్వు బిగిసిపోయి ఉంది. పెద్ద పానా తెస్తానని విసుక్కుంటూ వెళ్ళాడు. తాతయ్య ట్రక్కు కింద దూరి, కోయాల్సిన చోట సుద్దతో గీత గీస్తున్నారు.

నేను వంటింట్లోకి పరుగెత్తి నూనె సీసా తెచ్చాను. వాల్వు చుట్టూ పోశాను. రెగ్యులేటరు బిగించే మూతిలో వేలు పెట్టి, మరలన్నిటికీ పట్టేలా తిప్పి తిప్పి రాశాను. గౌనుకు చేయి తుడుచుకుని, సీసా దాచేసి, ఇంత తెలివి ఇంట్లో ఇంకెవరికుందని మురిసిపోయాను.

బాబాయి వచ్చి రెగ్యులేటరు తిప్పితే మర చులాగ్గా ఎక్కింది. తనలో తాను నవ్వుకున్నాడు. నేను రాశానని చెప్పి మెప్పు కొట్టేద్దామని నోరు తెరవబోతుండగా తాతయ్య ట్రక్కు కిందనుంచి తల బయట పెట్టారు.

“కొబ్బరినూనె వాసన వస్తోందేంట్రా?”

“మిల్లుది నాన్నా,” అన్నాడు బాబాయి, వాల్వు మీద పానా పెడుతూ.

“ఆయ్, మిల్లుదేనండి,” అన్నారు రైతుగారు కూడా.

తాతయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా జడల వైపు చూశారు. అవి పొడిగా ఉన్నాయి. మిల్లు వాసనే అనుకున్నారేమో, మళ్ళీ వంగారు. నా చేతులు అప్పటికే వీపు వెనక్కి వెళ్ళిపోయాయి. ఏం తప్పు చేశానో తెలియదు గానీ ఏదో చేశానని తెలిసింది. బాబాయి చేయి మహా బరువు, ఒక్కటి తగిలిందంటే చుక్కలు కనబడేవి. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది? ఎలాగూ మిల్లుదే అన్నారు కదా. బాబాయి పానా మీద రెండో చేయి కూడా వేశాడు. భుజం బిగిసింది.

“తాతయ్యా, నేను రాశాను.”

తాతయ్య అంత వేగంగా కదలడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చి బాబాయి చేతుల మీద చేతులు వేసి, మెల్లగా పానా తీసేశారు. తర్వాత నా ముందు గొంతుక్కూర్చుని అడిగారు.

“ఎక్కడ రాసేవమ్మా?”

చూపించాను. తన తువ్వాలుతో నా వేలు తుడుస్తూ చెప్పారు. ఆక్సిజన్ అంత వడిగా వచ్చి నూనెకు తగిలితే నిప్పుతో పని లేదట, దానంతట అదే భగ్గుమంటుందట. బాబాయి చేయెత్తాడు. తాతయ్య అడ్డం నిలబడి, ఈ పిల్ల నోరు విప్పకపోతే నువ్వెక్కడుండేవాడివో ఆలోచించుకోమన్నారు. సిలిండరు తెరవకుండా ఆరుబయట నిలబెట్టించి, దాని మీద సుద్దతో ‘నూనె’ అని రాశారు. ఉన్నదున్నట్టు చెప్పి వెనక్కి పంపమన్నారు. రైతుగారు గొణుక్కుంటూ వేరే షాపు వెతుక్కుంటూ వెళ్ళారు.

ఇక నా వంతే అనుకున్నాను. తాతయ్య నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తిన్నగా మేస్త్రిగారి ఇంటికి తీసుకెళ్ళారు. మేస్త్రిగారు అరుగు మీద కొబ్బరి పీచు చిక్కు తీస్తున్నారు. తాతయ్య ఆయన ముందు నిలబడి, ముప్పై ఏళ్ళనాటి సంగతి చెప్పారు. కుర్రతనంలో, బిగిసిన వాల్వు సులువవుతుందని తానూ నూనె రాశారు. మేస్త్రిగారు నూనె వాసనేంటని అడిగితే, తిడతారని భయపడి, మిల్లుదని చెప్పారు. ఆ మాట నమ్మి మేస్త్రిగారే వాల్వు తెరిచారు.

“ఈ పిల్ల చెప్పిందండి,” అన్నారు తాతయ్య. “నేను చెప్పలేకపోయేను.” మా తాతయ్య ఏడవడం చూసి నాకూ ఏడుపొచ్చింది.

మేస్త్రిగారు పీచు పక్కన పెట్టారు.

“నాకు తెలుసురా. ఆ రోజు నన్ను రిక్షా ఎక్కించింది నువ్వే కదా. నీ చేతులు నూనె వాసనేసేయి. ఎప్పటికైనా చెప్తావని చూసేను.”

ఆ నెల మేస్త్రిగారు భోజనానికి వచ్చినప్పుడు తాతయ్య వడ్డన మా నాయనమ్మకు వదిలేసి ఆయన పక్కనే కూర్చుని తిన్నారు.

నేను నర్సునై పాతికేళ్ళు కావస్తోంది. వార్డులో ఆక్సిజన్ సిలిండరు తెరిచే ముందు సబ్బుతో చేయి కడుక్కోవడం ఆ రోజు నుంచి వచ్చిన అలవాటే. నా కింద పనిచేసే పిల్లలు ఎవరైనా అప్పుడప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుని, బిక్కముఖం వేసుకుని నా ముందు నిలబడతారు. నాకసలే కోపమెక్కువ, నోరూ పెద్దది. అయినా ఆ చేతులు చూడగానే కోపం దిగమింగుకుని, గొంతుక్కూర్చున్న మా తాతయ్య గొంతుతోనే అడుగుతాను, ఏం జరిగిందమ్మా అని. ముప్పై ఏళ్ళపాటు పక్కన నిలబడి వడ్డించే బాధ వాళ్ళకెందుకు?