అత్తమ్మ తడిపి చూసిన టైర్లు

మా మేనత్త పోయిందని కోరుట్ల నుంచి బావ ఫోన్ చేసినప్పుడు జగిత్యాలలో వాన మొదలైంది. నేను పాఠాలు చెప్పే బడికి బయలుదేరుతూ గొడుగు వెతుక్కుంటున్నాను. బావ అంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు. "అమ్మ లేదే," అన్నాడు. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. గొడుగు మాట మరిచిపోయి తడుస్తూనే బస్టాండుకు పోయాను.

చావింటికి వచ్చినవాళ్ళంతా ఆమె చేతి వంటను మెచ్చుకున్నారు. మర్యాదకు అన్నారని నాకు తెలుసు, ఆమె పెట్టిన చారు తిన్నదాన్ని కదా. వంట మీద అత్తమ్మకు ఎన్నడూ మనసు లేదు. మనసంతా కారు మీదే. ఆ సంగతి అక్కడ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఇక్కడ రాస్తున్నాను.

అత్తమ్మ పుట్టింది సిరిసిల్లలో, నేతింట్లో. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. మా నాన్నా ఆమే ఆ సాంచాల చప్పుడులోనే పెరిగారు. ఆమె పెళ్ళై కోరుట్లకు వచ్చింది. భర్త పోయాక ఎవరి మీదా ఆధారపడకుండా సిరిసిల్ల నుంచి లంగాల బట్ట తెచ్చి కోరుట్ల, మేడిపల్లి, జగిత్యాల దుకాణాలకు వేయడం మొదలుపెట్టింది. మొదట బస్సులో తెచ్చేది, తర్వాత ఆటోలో, ఆఖరికి సొంత కారులో. రోజూ తిరిగే బండి కదా అని పెట్రోలుతో పాటు బ్యాటరీ మీద కూడా నడిచే హైబ్రిడ్ కారు తీసుకుంది. ఊళ్ళో మెల్లగా పోయేటప్పుడు అది చప్పుడే చేయదు.

"సాంచాల నడుమ పుట్టిన, కోడలా. ఇన్నేండ్లకు చెవులకు జెర సుఖం దొరికింది," అనేది.

వెనక సీటులో బట్ట మూటలు, బడి లేని రోజుల్లో పక్క సీటులో నేను, స్టీరింగ్ దగ్గర నడుముకు కొంగు దోపుకున్న అత్తమ్మ. ఎదురుగా వచ్చే లారీ డ్రైవర్లు ఒకసారి తొంగి చూసేవాళ్ళు. చూడనీ అన్నట్టు అత్తమ్మ గడ్డం కొంచెం పైకెత్తేది. ఆ గడ్డం చూస్తే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

కారుతో వచ్చిన టైర్లు అరిగిపోయాక కొత్తవి తీసుకోవాల్సి వచ్చింది. జగిత్యాలలో ఆమెకు తెలిసిన టైర్ల దుకాణం ఒకటుంది. దాని యజమాని పెద్దవయసు ముస్లిం. ఆమెను "ఆపా" అని పిలిచేవాడు, అంటే అక్కా అని. ఆయన ఏదో చెప్పబోతుంటే అత్తమ్మ వినిపించుకోలేదు. నేతింటి ఆడపడుచు బట్టను చూసినట్టే చూసింది. బొటనవేలుతో ఒక్కో టైరునూ నొక్కింది. ఏది వేలికి లొంగలేదో అది గట్టి నేత, మంచి సరుకు అని ఆమె లెక్క. పైగా దాని మీద ఫ్రిజ్ మీద ఉన్నట్టు ఇంధనం పొదుపు స్టార్లు కూడా ఎక్కువే ఉన్నాయి. ఇంకేం కావాలి, అవే వేయించింది. మైలేజి బాగా వచ్చింది. ఎండాకాలమంతా ఆమెను పట్టుకోవడం మా వల్ల కాలేదు.

తొలకరి పడిన రోజు మేడిపల్లి దగ్గర మలుపులో ఒక ఆటో అడ్డం తిరిగింది. అత్తమ్మ బ్రేకు తొక్కింది. బండి ఆగలేదు. తడి రోడ్డు మీద పక్కకు జారి పొలం గట్టు బురదలో దిగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు, తలుపు మాత్రం సొట్టపడింది. ఆమె ఇల్లు చేరేలోపే కబురు కోరుట్ల చేరింది. బావ గుమ్మంలోనే నిలబడి చెయ్యి చాపి కారు తాళం తీసుకున్నాడు.

"ఇగ బండి వద్దమ్మా. సరుకు ఆటోల తెప్పిద్దాం. నువ్వు ఇంట్ల కూసో."

బావ చెడ్డవాడు కాదు, భయపడ్డాడు. కానీ ఇంట్లో కూర్చోవడమంటే అత్తమ్మకు ఏమిటో నాకు తెలుసు. బండి పోతే తిరుగుడు పోతుంది, తిరుగుడు పోతే వ్యాపారం పోతుంది, ఆ తర్వాత మూలన కూర్చుని కోడలు పెట్టింది తినడమే. ఆ వారం ఆమె ఎవరితోనూ లొల్లి పెట్టుకోలేదు. లొల్లి పెట్టుకుంటేనే బాగుండుననిపించింది.

ఒక పొద్దున మళ్ళీ వాన పట్టింది. అత్తమ్మ లేచి కొంగు దోపుకుంది. నాకు ఫోన్ చేసి జగిత్యాల దుకాణం దగ్గరికి రమ్మంది. బావతో, "తోలుడు తప్పు కాలేదురా, ఎంచుకునుడు తప్పయింది. మా నాయిన రంగుబట్టను ఎన్నడన్న ఎండుది చూసి తీసుకున్నడా? కొస తడిపి, తెల్లబట్ట మీద రుద్ది, రంగు దిగుతదో లేదో చూసినంకనే మూట కట్టనిచ్చేది. నేను ఆ ముచ్చట మరిచిన. ఇయ్యాల తడిపి చూస్త. నాకు నమ్మకం కుదరకపోతె తాళం నీ తాననే ఉంచుకో," అంది. బావే ఆ బండిని మెల్లగా నడుపుకుంటూ ఆమెను తీసుకొచ్చాడు.

దుకాణదారు ఈసారి మొత్తం చెప్పాడు, అత్తమ్మ మొత్తం విన్నది. బ్యాటరీ బరువు, మూటల బరువు మోసే టైరు కావాలి. గాడులు లోతుగా ఉండి నీళ్ళను పక్కకు తోయాలి. రబ్బరు మరీ గట్టిదైతే తడిలో పట్టు ఉండదు.

"పట్టు, మైలేజి రెండు ఒక్కదాంట్లనే ఉండయా?" అని అడిగింది.

"అన్ని కాలాలకు పనికొచ్చేటియి ఉన్నయి ఆపా. నా బండికి గవే ఏసిన. మైలేజి జెర తగ్గుతది. గది మాత్రం ముందుగాల్నే చెప్తున్న."

"తగ్గితె తగ్గనియ్యి. తడిపి చూపియ్యి."

ఆయన నవ్వి గొడుగు మడిచి తన కారు తీశాడు. ఊరి బయట ఖాళీగా ఉన్న రోడ్డు మీద, వానలో, వేగంగా పోనిచ్చి బ్రేకు తొక్కాడు. అత్తమ్మ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుని టైర్ల చప్పుడు విన్నది. తర్వాత, "లే అన్నా, నేను చూస్త," అని తానే తోలింది. వెనక సీటులో నేనూ బావా ముందు సీట్లను పట్టుకుని కూర్చున్నాం. బండి గీత గీసినట్టు నిలబడింది. మళ్ళీ తొక్కింది, మళ్ళీ నిలబడింది.

"గివే ఎయ్యి," అంది.

నేనూ వాళ్ళతో కోరుట్లకు బయలుదేరాను. కొత్త టైర్లతో తిరుగు ప్రయాణంలో మేడిపల్లి మలుపు దగ్గర కావాలనే బ్రేకు తొక్కింది, వెనక ఎవరూ లేరని అద్దంలో చూసుకున్నాకే. కారు జారలేదు. బావ ఇంటికి రాగానే తన దగ్గర ఉంచుకున్న రెండో తాళం కూడా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "పైలంగ పో అమ్మా," అన్నాడు. ఆ రోజు అత్తమ్మ ముఖం చూసి నాకు ఏడుపొచ్చింది. మా ఇంటి ఆడవాళ్ళలో అలా గెలిచినవాళ్ళు నాకు తెలిసి ఇంకెవరూ లేరు.

ఆ తర్వాత ఆమెకు ఒక అలవాటైంది. వానలో తిరిగొచ్చి కారును ఇంటి ముందు షెడ్డులో పెట్టగానే, పొడి గచ్చు మీద పడిన తడి టైరు అచ్చును వంగి చూసేది. గీతలు విడివిడిగా కనిపిస్తే సరే. కలిసిపోతే టైరు అరిగిందని లెక్క. మనవరాలికి డ్రైవింగ్ నేర్పినప్పుడు మొదట నేర్పింది కూడా ఇదే. "ఎండల ఎవలైన తోల్తరు బిడ్డా. నువ్వు వానల నేర్చుకో," అనేది.

దినాలు అయిపోయిన మరునాడు సిరిసిల్ల నుంచి సరుకు తేవాల్సి వచ్చింది. ఆటో పిలుద్దామని ఎవరో అన్నారు. బావ లోపలికి పోయి వాళ్ళమ్మ తాళం తెచ్చి కూతురి చేతిలో పెట్టాడు. బయట ముసురు పట్టి ఉంది. ఆ పిల్ల సాయంత్రం మూటలతో తిరిగొచ్చి కారును షెడ్డులో పెట్టింది. బావ అత్తమ్మలాగే వంగి గచ్చు మీది అచ్చులను చూశాడు. గీతలన్నీ చీర అంచు చారల్లా విడివిడిగా ఉన్నాయి. లోపలి నుంచి ఎవరో ఆ తడి గచ్చును తుడవడానికి గుడ్డ తెస్తే, బావ వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు.