చూరు కింద దోనె

పక్కింటి రేకుల మీద వాన మొదలైతే చాలు, తాడేపల్లిగూడెంలోని ఈ గదిలో కూర్చునే నాకు తడిసిన పెంకుల వాసన తగులుతుంది. వెంటనే సత్యవతమ్మ పిన్నిగారు గుర్తొస్తారు. యాభైలలో మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డు ఊరికి నేను కొత్త కోడలిగా వెళ్లినప్పుడు ఆవిడది మా పక్కిల్లు. చుట్టరికం లేదు. నేనే పిన్నిగారూ అని పిలిచేదాన్ని.

నేను వెళ్లడానికి ముందు ఏడాది వానాకాలంలో ఆవిడ భర్త కలరాతో పోయారు. చేపలు పట్టి బతికిన మనిషి. ఆయన నడిపిన తాటిదోనె, తాటిమాను తొలిచి వెనక కొసను మట్టితో మూసిన పడవ, పెరట్లో బోర్లించి ఉండేది. ఊరంతా తాగేది కొల్లేటి నీళ్లే. ఆయన ప్రాణం తీసిందీ ఆ నీళ్లేనని పిన్నిగారి నమ్మకం. నేను వెళ్లిన ఏడు వేసవి చివర ఒక పొద్దున ఆవిడ నన్ను పిలిచి, "అమ్మాయీ, కాస్త చెయ్యి వెయ్యవే. ఈ దోనెని చూరు కింద కడదాం. పెంకుల మీద పడ్డ వాన ఇందులోంచి తొట్టిలోకి పోవాలి," అన్నారు. తొట్టి అప్పటికే ఇటుకలతో కట్టి సున్నం పూసి ఉంచారు.

దోనె వెనక కొసన మూసిన మట్టిని గోకి తీసేశాం. ఆ వైపు వాలు ఉండేలా వాసాలకు తాళ్లతో వేలాడదీశాం. అప్పుడే ఆవిడ మరిది వచ్చాడు.

"ఏంటి వదినా ఇది? అన్నయ్య దోనెని చూరుకి కడతావా? చూసినవాళ్లు ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ నాయనా. మీ అన్నయ్యకి మంచినీళ్లు దొరకలేదు. ఇకమీద ఈ ఇంటికొచ్చినవాళ్లకి దొరకాలి."

అతను వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

తొలి వాన బరువుకే తాడు తెగింది. దోనె ఒక కొస నేలకు కొట్టుకుని పగులిచ్చింది. పిన్నిగారు దాని పక్కనే బురదలో కూలబడి, భర్త పోయిన రోజున ఏడ్చినట్టే ఏడ్చారు. "ఊరుకోండి పిన్నిగారూ, లోపలికి రండి," అన్నాను.

ఆవిడ లేచారు. కళ్ల నీళ్లు కారుతూనే ఉన్నాయి. "ఏడుపు దాని దారిన అది వస్తుందిలేవే. నువ్వా కొస పట్టుకో," అన్నారు.

ఇద్దరం ఎత్తబోయాం, లేవలేదు. ఎప్పుడొచ్చాడో, మరిది నా పక్క నుంచి చెయ్యి వేశాడు. తరవాత రెండు వెదురు గుంజలు పాతి దోనెను వాటి మీద నిలబెట్టాడు, పగులుకు తారు పూశాడు. వెళ్లేముందు దోనె అంచును అరచేత్తో నిమిరాడు.

పెంకులు శుభ్రపడేదాకా తొలి వానల నీళ్లు బయటికి వదిలేసి, తరవాత గుడ్డ కట్టి వడగట్టి తొట్టి నింపారు. ఆ వానాకాలం కొల్లేరు పొంగి వీధుల్లోకి వచ్చింది, వెనకే కలరా వచ్చింది. కాకులు తిరిగే పెంకుల నీళ్లని ఎగతాళి చేసినవాళ్లే బిందెలతో వచ్చారు. "ఏవండీ సత్యవతమ్మగారూ, పిల్లలకి మాత్రం చాలండి," అని గుమ్మంలో నిలబడేవారు. ఆవిడ ఎవరినీ ఉత్త బిందెతో పంపలేదు. ఊళ్లో చావులు ఆగలేదు గానీ, మా వీధిలో ఆ ఏడు ఎవరూ పోలేదు.

చాలా ఏళ్లకు మావారు హఠాత్తుగా పోయారు. కర్మలన్నీ అయి చుట్టాలు వెళ్లిపోయాక, పిల్లలకు అన్నం కలుపుతుంటే ఏడుపు ముంచుకొచ్చింది. పెద్దవాడు నా చెయ్యి పట్టుకుని, "ఏడవకమ్మా," అన్నాడు.

"ఏడుపు దాని దారిన అది వస్తుందిలేరా, నువ్వు నోరు తెరు," అని ముద్ద పెట్టాను.